హెర్నియా బెల్టు

నాయనకు హెర్నియా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు. మిరప బస్తా ఎత్తినప్పుడల్లా బయటికి వచ్చేది. చేను గట్టు మీద వెల్లకిలా పడుకుని, వేళ్లతో లోపలికి నెట్టుకుని, లేచి మళ్లీ పనిలో పడేవాడు. ఖమ్మంలో డాక్టరు చిన్న ఆపరేషనే అన్నాడు. మిరప ఏరినాక చూద్దామన్నాడు నాయన. ఆ ఏడు గడిచింది, తరవాతి ఏడూ గడిచింది. చివరికి నేనే మెడికల్ షాపులో బెల్టు కొని, టేకులపల్లి బస్సులో ఊరి మనిషి చేతికిచ్చి పంపాను. ఉబ్బు లోపలికి పోయాకే బెల్టు పెట్టుకోవాలని షాపతను చెప్పాడు. ఆ మాట నాయనకు చేరవేశానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు.

అప్పుడు నేను ఖమ్మంలో పత్రికాఫీసులో పనిచేస్తున్నాను. మా ఊళ్లో సెల్‌ఫోన్లు ఇంకా అంతగా లేవు. ఒకరోజు పొద్దున బాబాయి జీపు కిరాయికి మాట్లాడుకుని నాయనను, అమ్మను తీసుకొచ్చాడు. ముందురోజు నుంచి నాయనకు పచ్చటి వాంతులు. ఈసారి ఉబ్బు లోపలికి పోలేదు. నొప్పి పెరిగినకొద్దీ ఆయన బెల్టునే ఇంకా బిగించుకుంటూ వచ్చాడు.

దవాఖానాలో సర్జన్ బెల్టు విప్పి చూశాడు. కింద చర్మం నేరేడుపండు రంగులోకి తిరిగింది.

"పేగు ఇరుక్కుంది. వెంటనే కోయాలి. వయసెంత?"

"డెబ్బై ఐదుంటయి సార్," అన్నాడు బాబాయి.

"ఎనభై," అంది అమ్మ. "మా లగ్గం నాటికి నువ్వు చెడ్డీ లేకుండ తిరిగేటోనివి. నీకేం ఎరుక?"

"ఈ వయసులో గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేను," అన్నాడు సర్జన్ నాతో. "కోయకపోతే మాత్రం బతకడు. సంతకం ఎవరు పెడతారు?"

బాబాయి నన్ను పక్కకు లాగాడు. "ఈ వయసుల కోతేంది పెద్దోడా. ఇంటికి తోల్కపోదాం. ఏదైనా ఆడనే కానీ."

"అవ్, జీపెక్కించేటప్పుడు ఏడబోయె నీ తెలివి?" అంది అమ్మ. నా వైపు తిరిగి, "నీకు తోచింది చెయ్యి," అంది.

నాయన మా మధ్యనే స్ట్రెచర్ మీద ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు, ఫ్యాను వైపు చూస్తున్నాడు. నేను కాగితం మొత్తం చదివాను, ఆఫీసులో వార్త చదివినట్టే. సంతకం పెట్టాను.

జానెడు పేగు తీసేశారు. ఆపరేషన్ జరుగుతుంటే నేను ఇడ్లీ తెచ్చాను. అమ్మ తిన్నది. నేనూ తిన్నాను.

మూడో రోజు నాయన ఎవరినీ గుర్తుపట్టలేదు. ముక్కులో గొట్టం పీకబోయాడు. పెద్ద వయసు వాళ్లకు ఆపరేషన్ తరవాత ఒక్కోసారి ఇలా అవుతుందని, కొందరు తేరుకుంటారని, కొందరు తేరుకోరని నర్సు చెప్పింది. చేతులు కట్టమని బ్యాండేజీ గుడ్డ ఇచ్చింది. మంచం కమ్మీకి నేనే కట్టాను.

"ఇడువురా. కల్లంల మిరపకాయ తడుస్తాంది," అన్నాడు నాయన.

బయట ఎండ కాస్తోంది. ముడి వదులుగా ఉందేమోనని మళ్లీ చూశాను.

ఆరో రోజు తెలివొచ్చింది. చేతులకు కట్టిన గుడ్డ విప్పాను. ముందు అమ్మను చూశాడు.

"నీ మొఖం గట్లయిందేంది? నేనేమన్న పోయిన్నా?"

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. గంజి తాగించొచ్చని డాక్టరు చెప్పి వెళ్లాడు. చెంచాతో పట్టబోతే నాయన నోరు తెరవలేదు. చెయ్యి పొట్ట మీది కట్టును తడుముతోంది.

"పెద్దోడా, ఎవర్ని అడిగి కోయించినవ్?"

"కోయకపోతే బతకవని డాక్టరు చెప్పిండు నాయనా."

"నేను ఆడనే ఉన్న గద."

నేను చెంచా పట్టుకునే కూర్చున్నాను. కాసేపటికి ఆయనే నోరు తెరిచాడు.