కమలవ్వ కూర్చుంటేనే వచ్చే చప్పుడు

సిద్దిరాములు ఒక్కడే పోతే ఆ ఫట్‌ఫటి మోటారుసైకిలు కిక్కురుమనదు. భైంసా నుంచి బోథ్ దాకా మట్టిబాట మీద ఇంజను ఒకే ఊపిరిగా కొట్టుకుంటూ పోతుంది. వెనక భార్య కమలవ్వ ఉన్నప్పుడే దాని కడుపులోంచి, నిద్రలో ఎవరో పళ్లు కొరికినట్టు, సన్నగా ఒక కిర్రు వచ్చేది. ఆమె మెట్‌పల్లిలో పుట్టింటికి పోయి ఏడు నెలలు. ఏడు నెలలుగా బండి నిమ్మళంగా ఉంది. ఆ నిమ్మళమే అతన్ని తినేస్తోంది.

అది అరవై రెండో సంవత్సరం. అతను జిన్నింగు మిల్లు తరఫున ఊళ్లు తిరిగి పత్తి చూసేవాడు. చిటికెడు దూదిని బొటనవేళ్ల మధ్య లాగి పోగు ఎంత పొడవో చెప్పేవాడు. బండి మిల్లు సేటుది. లడాయి కాలంలో సిపాయిలు నడిపింది, చేతులు మారి మారి ఇటు వచ్చింది.

చప్పుడు మీద పరాచికం మొదలుపెట్టింది అతనే. "నువ్వెక్కితె బండి ఏడుస్తది" అనేవాడు. "నన్ను మోసుడు శాతగాక బండి మీద చెప్తున్నవా" అని కమలవ్వ వీపు మీద ఒకటి చరిచేది. ఆ మాట అతని తల్లి పోచవ్వ చెవిన పడింది. పీర్ల పండుగ నాడు వాకిట్లో చుట్టాలంతా ఉండగా ఆమె అంది: "అది కూసుంటె ఇనుమే ఏడుస్తది. నా ఇల్లెట్ల సల్లగుంటది?" చుట్టాలు నవ్వారు. సిద్దిరాములు కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున్నే కమలవ్వ బస్సెక్కింది.

మెట్‌పల్లికి రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ తలుపు వెనక నుంచే జవాబు: "నేనెక్కితె ఏడుస్తది గద. ఎందుకు దానికి పరేషాని?"

చప్పుడు ఎక్కడిదో పట్టుకుంటే ఆమె వస్తుందనిపించింది. మిల్లు ఫిట్టరు అంబదాస్ దగ్గరికి బండి తోలాడు. గింజలు వేరుచేసే యంత్రాల హోరులో చెవులు పనిచేయవు కనుక అంబదాస్ పళ్లతో వింటాడు. టేకు పుల్ల ఒక కొస పళ్ల మధ్య పట్టి, రెండో కొస యంత్రానికి ఆనించి, రోగం ఎక్కడుందో చెబుతాడు.

"ఒక్కనివి నడిపితె రాని చప్పుడును నేనేడికెల్లి తేవాలె? నీ పెండ్లాన్ని తోల్కరా పో."

"ఆమె వస్తె నీ దగ్గర నాకేం పని, కాకా?"

అంబదాస్ నవ్వి, పత్తిగింజల బస్తా ఒకటి తెచ్చి వెనక నడుమ కట్టాడు. సిద్దిరాములు మిల్లు చుట్టూ తిరిగాడు. చప్పుడు లేదు. ఇంకో బస్తా వేశారు. లేదు.

"ఎట్ల కూసుండేదిరా ఆమె?"

"ఆడోళ్లెట్ల కూసుంటరు? కాళ్లు రెండు ఎడమ దిక్కే."

అంబదాస్ నుదురు కొట్టుకున్నాడు. "మనం గిప్పటిదాంక మొగోన్ని కూసుండవెట్టి తిప్పుతున్నం."

ఒక బస్తా దించి, రెండోదాన్ని ఎడమ పక్కకు వేలాడేలా కట్టారు. మిల్లు గేటు ముందు గుంతలో చక్రం దిగి లేవగానే కిర్రుమంది.

సిద్దిరాములు వెనక్కి తిరగలేదు. అంబదాస్ చెయ్యి ఊపుతున్నా ఆగకుండా నిర్మల్ బాట పట్టాడు. రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. వెనక ఆమె ఉంది. ఎడమవైపు అంగీ గుంజి పట్టుకున్న పిడికిలి ఉంది. "కొంగు జర లోపలికనుకో, గొలుసుల పడ్తది" అన్నాడు పైకే. తన గొంతు తనకే వినపడింది.

గంట తర్వాత తిరిగొచ్చాడు. అంబదాస్ బస్తా దించనివ్వకుండా, ఇంజను నడుస్తుండగానే, మోకాళ్ల మీద కూర్చుని పుల్ల ఒక్కొక్క చోట ఆనించాడు. ఇంజనును చట్రానికి పట్టి ఉంచే ఇనుప పలక దగ్గర ఆగాడు. మసి తుడిస్తే వెంట్రుకంత బీట కనిపించింది.

"బరువు ఒక దిక్కు వడితె చట్రం మెలివడ్తది. బీట అంచులు రాసుకుంటున్నయి. గంతే. అతుకు పెడ్త."

"వద్దు కాకా. ముందుగాల ఆమెకు ఇనిపియ్యాలె."

"తొవ్వల పలక ఇరిగితె?"

"మెల్లగ పోత."

బస్తాతోనే బయలుదేరాడు. సోన్ దగ్గర గోదావరి దాటేటప్పుడు చప్పుడు వంతెన రాళ్లకు తగిలి రెండింతలైంది. మెట్‌పల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. చప్పుడు విని కమలవ్వ తానే బయటికొచ్చింది. అతను ఇంజను ఆపకుండా మేకు మొనతో బీట చూపించాడు. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"బస్తా కూసున్నా ఏడుస్తదా?"

"ఏడుస్తది."

ఆమె పెదవి కదిలింది. సడలిన తాడు ముడిని బిగించి కట్టింది. ఆ వేళ్ల వంక చూస్తూ అతను నిలబడ్డాడు. లోపలికిపోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగాక అడిగింది:

"మీ అవ్వకు ఇనిపిచ్చినవా?"

అతను చెంబు వంక చూశాడు.

"నాకెందుకు ఇనిపిస్తున్నవ్? చప్పుడు నాతోని వస్తదని నేనెన్నడన్న అన్ననా? గా వాకిట్ల ఇనిపియ్యి. ఆ దినం ఉన్నోళ్లందర్ని పిలువు."

"ఇనిపిచ్చినంక వస్తవా?"

"ముందుగాల ఇనిపియ్యి." చెంబు కోసం చెయ్యి చాపింది. "నువ్వెందుకు నవ్వినవో గది గూడ చెప్పు."

చెంబు తీసుకుని లోపలికి పోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

అతను బండి తిప్పాడు. చీకటి పడకముందే నది దాటాలి. ఎడమ పక్కన బస్తా, కింద కిర్రు. వాకిట్లో అందరి ముందు మొదట ఏ మాట అనాలో వెతుక్కుంటూ పోయాడు. "అవ్వా, తప్పు గా ఇనుప పలకది" అని చూసుకున్నాడు. అది చాలదు. బండి మరింత మెల్లగా నడిపి, మళ్లీ మొదటినుంచి అన్నాడు: "అవ్వా, గా దినం నేను నవ్విన."