పంటికి ఎండ చూపించిన

మొన్న సోమవారం పటాన్‌చెరు పంటి దవాఖానల పన్ను కోసం బిగిచ్చిన మర ఒకటి నా దవడకెల్లి ఊడి డాక్టరమ్మ చేతికొచ్చింది. నొప్పి లేదు. నొప్పన్న ఉంటె ఆమెను నాలుగు మాటలు అనేటోన్ని. గా మోకా గూడ దొరకలే. తప్పంత నాదే. ఈ మాట రాయనీకి నాకు రెండు దినాలు పట్టింది.

దీనికి మొదలు మా వియ్యంకుడు. కోడలు సుజాత వాళ్ల నాయిన. కోస్తా దిక్కుకెల్లి సర్కారు ఫ్యాక్టరీ నౌకరికని వచ్చి పటాన్‌చెరులనే నిలిచిపోయిండు. ఆరేండ్ల కింద నా కింది దవడ పన్ను పీకినంక మా ఇంట్ల దావత్ అయ్యింది. పదిమంది కూసున్న బంతిల ఆయన బిడ్డను పిలిచి అన్నడు: "అమ్మాయ్, మీ మామగారికి మెత్తటి ముక్కలు ఏరి వెయ్యి. పాపం, నమల్లేరు."

గా 'పాపం' అన్న మాటను నేను ఇయ్యాల్టిదాంక ఇడువలే.

ఈ యేడు పన్ను పెట్టిచ్చుకుందమని దవాఖానకు పోయి, రాత్రి తీసి గిలాసల ఏసే పెట్టుడు పండ్లు నాకొద్దన్న. దవడ బొక్కల, గదే ఎముకల, మర బిగిచ్చి దాని మీద పన్ను కడతరంటె, గదే కావాలన్న. డాక్టరమ్మ చిన్న పిల్ల, మంచి పిల్లనే. రక్తం పరీక్ష చేపిచ్చి కాయితం జూసి అన్నది:

"తాతా, మీకు విటమిన్ డి చానా తక్కువున్నది. ఒంటికి ఎండ తగుల్తలేదు."

"ఎవ్వలికి? నాకా? కాజీపల్లిల మూడెకరాలు దున్నినోన్ని బిడ్డా. నాకు ఎండ తక్కువంటవా?"

"దున్ని ఎన్నేండ్లయింది?"

ఆమె కోపం జేసుకోక నిమ్మలంగ చెప్పింది. మర బిగిచ్చుడు మన చేతిల పని, దాన్ని పట్టుకునుడు బొక్క పని. బొక్క గట్టిగ అతకాలంటె గీ విటమిన్ గావాలె. వారానికొక పొడి పాకెట్ పాలల్ల కలుపుకొని రెండు నెలలు తాగాలె, పొద్దుగాల ఎండకు కూసోవాలె, గప్పుడు మర.

పొడి అన్నదా, నా మనసు ఇరిగింది. నేను ఇరవై ఏండ్లు మందుల కంపెనీల డ్రమ్ములకు పొడి నింపినోన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులేసుకొని, మీద పడితె నీళ్లతోని కడుక్కొని. గసోంటి పొడిని పాలల్ల పోసుకొని తాగుతనా? సుజాత ఆదివారం ఆదివారం పాల గిలాస, పాకెట్ తెచ్చి పెట్టేది. "నేనే కలుపుకుంట, నువ్వు పో బిడ్డా" అని పాకెట్ జేబుల ఏసుకొని ఉత్త పాలు తాగేది. రెండు నెలలైనంక మల్ల రక్తం జూస్తమంటె, ఒక్క సూది చాలు, నా మాట మీద నమ్మకం లేదా అన్న. డాక్టరమ్మ నమ్మింది. మర పెట్టింది. నాలుగు నెలలు ఆగుమన్నది.

పొడి ఒద్దనుకున్న గని ఎండను ఇడువలే. ఎండ మీద నాకు నమ్మకమున్నది. రోజు పదిగొట్టంగ ఇంటి ముంగట కుర్చేసుకొని కూసున్న. నిండు చేతుల అంగీ, ధోతి, తలకు రుమాలు. పెద్దమనిషి బజారు ముంగట ఒళ్లు ఇప్పుకొని కూసుంటడా? జబ్బు పంటిది, ఎండ పంటికే తగలాలని నోరు తెరిచి సూర్యుని దిక్కు పెట్టిన. అర్ధగంట గట్లనే. దవడలు గుంజేటియి. ఒకసారి ఈగ లోపలిదాంక వోయి వచ్చింది.

షిఫ్టుకు పొయ్యేటోల్లు ఆగి చూసేది. "ఏం పటేలా, ఆవులింత మధ్యల ఆగిందా?" అని ఒకడు. నోరు మూస్తె ఎండ పోతదని ఏమనకపోదును. కిరాయికుండే బిహార్ పోరడు పాపం బుగులుపడి, "దాదా, పానీ లావూఁ?" అని నీళ్ల చెంబు పట్టుకొని ఉరికొచ్చిండు.

ఒక దినం మా వియ్యంకుడొచ్చిండు. గేటు కాడ నిలబడి చానా సేపు చూసిండు.

"ఏవిటి బావగారూ ఇది?"

"డాక్టరమ్మ ఎండకు కూసోమన్నది."

"కూచోమంది బావగారూ, నోరు తెరవమందా? ఎండ తగలాల్సింది పంటికి కాదు, వొంటికి. చర్మం మీద పడితేనే పనిచేస్తుంది. ఆ చొక్కా చేతులన్నా పైకి మడవండి."

గీ మాట ఇంకెవ్వలన్న అంటె ఇందును. నిజమే ఉంటదని లోపల తోచింది గూడ. గని చెప్పింది ఆయన. ఆయన చూస్తుండంగనే మెడ కాడి గుండీ గూడ పెట్టుకున్న. మల్ల నోరు తెరిచిన. గట్ల నాలుగు నెలలు నడిచింది.

ఇగ సోమవారం. డాక్టరమ్మ చిగురు తెరిచి మర మీద పనిముట్టు పెట్టి జెర తిప్పింది. అది నీళ్ల గోళెంల గరిటె లెక్క తిరిగింది. పట్టుకొని పైకి గుంజింది, వచ్చేసింది. దానికి ఏం అంటుకోలే. తళతళ మెరుస్తున్నది, కొత్తది లెక్క.

మల్ల రక్తం తీసిన్రు. మొదటికన్న తక్కువొచ్చింది. డాక్టరమ్మ నా ఎంబడి వచ్చిన సుజాత దిక్కు చూసింది.

"పొడి తాగిపిచ్చినవా అక్కా?"

"ఒక్క వారం కూడా మానలేదు మేడమ్. నేనే పాలు ఇచ్చాను. నేనేమన్నా తప్పుగా ఇచ్చానా?" అన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఇంటికాడ పెట్టెల ఎనిమిది పాకెట్లున్నయి. చెప్పక తప్పలే. చెప్పిన. సుజాత ముఖం తుడుసుకున్నది. గంతకన్న తిట్టినా బాగుండు.

"గదొక్కటే కారణమని నేను చెప్పలేను తాతా," అన్నది డాక్టరమ్మ. "వేరేవి గూడ ఉండొచ్చు. కంపెనీల మీరు పని చేసిన జాగకు ఎండొస్తుండెనా?"

కిటికీ లేని హాలది. టోపీ, ముసుగు, కాళ్ల దాంక కోటు. పొద్దు పొడవక ముందే పోయేది, పొద్దుగూకినంక వచ్చేది. గా హాలు కట్టింది మా మూడెకరాల మీదనే. నేను దున్నిన భూమి మీదనే నిలబడి ఇరవై ఏండ్లు ఎండ మొఖం చూడలే. గీ సంగతి ఒక ఊడిన మర చెప్పేదాంక నాకు తెల్వలే.

"మల్ల మొదటికెల్లి," అన్నది డాక్టరమ్మ. "బొక్క మానాలె, పొడి తాగాలె, రక్తం చూడాలె. అప్పటిదాంక మెత్తటియే తినండి."

సరే అన్న. పత్తి ముద్ద కరుసుకోమని నోట్ల పెట్టింది. లేచేటప్పుడు సుజాతకు సైగ చేసిన, మీ నాయినకు చెప్పకని.

"మామయ్యా, నాన్న బయట ఆటోలోనే ఉన్నారు," అన్నది. "మీకు తోడుంటానని మన వెనకే వేరే ఆటోలో వచ్చారు. దారిలో మీకు చెబితే దిగిపోతారని చెప్పలేదు."

బయటికి వచ్చిన. ఆయన నా దవడ చూసిండు, బిడ్డ మొఖం చూసిండు. ఏమన్న అంటడేమోనని జవాబు తయారు చేసుకున్న, అదీ దండుగయ్యింది. జరిగి నాకు జాగ ఇచ్చిండు, ఎండ పడే దిక్కు.

నోట్ల పత్తి ఉన్నది. ఏమననీకి రాలే. కూసొని, అంగీ చేతులు మోచేతుల దాంక మడిసిన. గీ పని నాలుగు నెలల కింద జేస్తె పన్నన్న మిగులుతుండె.