కొంగ వచ్చేదాకా బరువెత్తకు

లిపోవో ఊళ్లో గెంచో బాబాయ్‌కి ఒకటే పిచ్చి. లోకంలో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఒళ్లు వేడెక్కి తీరాలి. నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు. మనిషి ఎదురుపడితే చాలు, కనుబొమలు ఎగరేసి "ఒళ్లు వేడెక్కిందా?" అనేవాడు. ఆయన ఆ ఊరి బరువుల హాలుకి కోచ్, కనుక బరువులెత్తే వాళ్లను అడిగితే అడిగాడు. పోస్టాఫీసులో స్టాంపు నాకబోతున్న ముసలాయన్ని ఆపి అడిగితే ఏమనాలి? చర్చి గంట తాడు అందుకోబోయిన ఫాదర్ చేత భుజాలు గుండ్రంగా తిప్పించాడు. ఆ ఆదివారం ఊరంతా ఆలస్యంగా ప్రార్థనకు వచ్చింది.

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు ఉత్సాహంగా పెళ్లికూతుర్ని ఎత్తుకుని గడప దాటబోతుంటే, ఈయన అడ్డం పడ్డాడు. "ఆగు నాయనా! ముందు ఏదైనా తేలికది ఎత్తు" అని వాడి చేతుల్లో ఓ గుమ్మడికాయ పెట్టాడు. వాడు బుద్ధిగా దాన్ని పదిసార్లు ఎత్తి దించాక గానీ ఈయన పక్కకి తప్పుకోలేదు. ఆ పిల్ల ఇప్పటికీ ఆయన కనబడితే మూతి తిప్పుకుంటుంది.

ఆయన నడుముకి ఎర్రటి ఉన్ని నడికట్టు ఒకటి ఉండేది. మూరలకు మూరలు చుట్టుకునేవాడు. జూలై ఎండల్లో కుక్కలు నాలుక వేలాడేసుకుని పడుకున్నప్పుడు కూడా అది విప్పగా చూసినవాళ్లు లేరు. "నడుం చల్లబడిందా, మనిషి పని సగం అయిపోయినట్టే" అనేవాడు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది కాలినా. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని. దేశంలో ఆమె తూకం ఆడపిల్లల్లో ఆమెకన్నా ఎక్కువ ఎత్తేవాళ్లు ఒక్కరో ఇద్దరో. మే మొదట్లో జాతీయ పోటీలు. గెలిస్తే దేశం జట్టులో చోటు. వయసు ఇరవై ఏడు. వెనక నుంచి పదిహేడేళ్ల పిల్లలు మడమలు తొక్కుతున్నారు. ఈసారి తప్పితే ఇంక లేనట్టేనని ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు.

ఫిబ్రవరి మొదట్లో ఓ పొద్దున్న, బయట మంచు, హాల్లో పొయ్యి ఇంకా రాజుకోలేదు. గెంచో బాబాయ్ పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. అక్కడ కుర్చీలో కూర్చుని ముందు దవడ వేడెక్కించుకుంటుంటే డాక్టరు విసుక్కున్నాడని తర్వాత తెలిసింది. కాలినాకి ఫ్యాక్టరీ టైమవుతోంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని తిన్నగా పెద్ద ప్లేట్లే తగిలించింది. వంగి బార్ లాగింది. తొడ వెనక ఏదో చటుక్కుమంది. బార్ దబ్బున పడింది, దాని పక్కనే ఆమె కూడా.

గెంచో బాబాయ్ బుగ్గలో దూదితో పరుగెత్తుకొచ్చాడు. తిట్టలేదు. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ భయమేసింది.

"ఇక్కడా?" అంటూ తొడ వెనక నొక్కాడు.

"అబ్బా! బాబాయ్, అయిపోయిందా? నా పని అయిపోయిందా?"

"నోర్ముయ్. తెగలేదు. సాగకూడనంత సాగింది, కాస్త చిట్లింది."

డాక్టరూ అదే మాటన్నాడు. కొన్నాళ్లు కదలకుండా ఉండమన్నాడు, తర్వాత మెల్లమెల్లగా పెంచుకోమన్నాడు. కాలినాకి "కొన్నాళ్లు" వినబడింది, "మెల్లమెల్లగా" వినబడలేదు.

మార్చి ఒకటిన కుంటకుండా హాల్లోకి వచ్చింది. ఆ రోజు ఊరంతా ఒకరికొకరు ఎరుపు తెలుపు దారాలు కట్టుకుంటారు. కొందరు చెట్టు పూత పూస్తే విప్పేస్తారు గానీ, కాలినా నాయనమ్మ ఇంట్లో కొంగే లెక్క. దక్షిణాన్నుంచి తిరిగొచ్చిన కొంగ కళ్లబడితేనే దారం విప్పాలి, లేకపోతే ఏడాదంతా దరిద్రం.

"నొప్పి లేదు బాబాయ్, చూడు!" ఆమె గెంతి చూపించింది. "ఇవాళ్టి నుంచి బరువు పెంచేద్దాం."

"నొప్పి పోవడం, కండ కోలుకోవడం రెండూ ఒకే బస్సులో రావే పిచ్చిదానా. నొప్పి ముందు బస్సులో పోతుంది. ఈ మధ్యలో తొందరపడ్డవాళ్లే మళ్లీ పడతారు, ఈసారి లేవరు."

"పోటీకి ఎన్నాళ్లుందని! నా గతేం కాను?" అంది కాలినా.

ఆయన జేబులోంచి దారం తీసి, ఆమె తొడకి కట్టాడు. "కొంగ కనబడేదాకా ఇది విప్పకు. విప్పేదాకా రోజూ రా. మొదట ఉత్త బార్, తర్వాత కొంచెం కొంచెం. సగం బరువు మాత్రం దాటకు. ఒట్టేనా?"

కాలినా మనసులో లెక్కేసుకుంది. పాల డిపో పొగగొట్టం మీద గూటికి కొంగలు ఏటా మార్చి మధ్యకల్లా వచ్చేస్తాయి. ఎంత, రెండు వారాలు! ముసలాయన్ని బుట్టలో వేశాననుకుని లోపల నవ్వుకుంది.

"ఒట్టు" అంది.

మార్చి మధ్యకొచ్చింది. కొంగ రాలేదు. ఇంకో వారం గడిచింది. రాలేదు.

ఈలోగా గెంచో బాబాయ్ పిచ్చి ముదిరిపోయింది. మెడ చల్లబడకూడదని గొర్రెబొచ్చు టోపీ ఒకటి ఆమె నెత్తిన కనుబొమల దాకా దించేశాడు. పైకి చూస్తే మెడ పట్టేస్తుందన్నాడు. పాల డిపో దారి ఎత్తుపల్లాలు, తొడకి మంచిది కాదు, ఏటిగట్టు దారిన రమ్మన్నాడు. ఊరు కూడా ఆయన తోవలోనే పడినట్టుంది. ఎండ కాస్తుంటే పోస్ట్‌మాన్ గొడుగు విప్పి ఆమె తల మీద పట్టుకుని నడిచాడు. ఓసారి ఎక్కణ్నుంచో టకటకటకమని చప్పుడొచ్చింది. కొంగ ముక్కు కొట్టుకున్నట్టే ఉందే అని కాలినా ఆగగానే, రొట్టెల కొట్టు డోంకా పిన్ని బయటికి ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, ఆ చప్పుడేంటి?"

"చప్పుడా? ఇంటికప్పుకి మేకులు కొడుతున్నారు. నువ్వు లోపలికి రా, జున్ను రొట్టె వేడివేడిగా ఉంది."

"ఎవరింటికి?"

"ఎవరింటికైతే నీకెందుకే? తిను!"

కాలినా తింది. నమిలేకొద్దీ కళ్లు చెమ్మగిల్లాయి. తన కర్మకి కొంగలు కూడా ఈ ఏడు దారి తప్పాయనుకుంది.

ఓ సాయంత్రం హాల్లో ఎవరూ లేరు. కాలినా పెద్ద ప్లేట్లు తగిలించింది. వంగి బార్ పట్టుకుంది. తొడ మీద దారం కనబడింది. పట్టు బిగించింది, వదిలింది, మళ్లీ బిగించింది. చివరికి బార్‌ని కాలితో అవతలికి తోసి, నేలమీద కూలబడి భోరుమని ఏడ్చింది. ఎప్పుడొచ్చాడో గెంచో బాబాయ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దగ్గరకొచ్చి ఒంటికాలి మీద వంగమన్నాడు, లేవమన్నాడు, గెంతమన్నాడు. రెండు తొడలూ మార్చి మార్చి నొక్కి చూశాడు. ఆమె ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు బాదాడు. "కాలినా! వచ్చేసిందే! కొంగొచ్చింది!"

పొగగొట్టం కింద ఊరు ఊరంతా నిలబడి చప్పట్లు. ఓ కొంగ గూట్లో కూర్చుని ఉంది. ఇంకొకటి అంచున నిలబడి, అద్దె అడగడానికొచ్చిన వాళ్లను చూసినట్టు కిందికి చూసింది. కాలినాకి ఇవేవీ పట్టలేదు. దారం విప్పి, ఆనవాయితీ ప్రకారం పక్కనున్న రేగు కొమ్మకి కట్టి, హాలుకేసి పరుగు తీయబోయింది.

"పరిగెత్తకు, నడువు! ఒళ్లు వేడెక్కిందా?" వెనక నుంచి కేక.

పోటీ రోజు వచ్చింది. కాలినాకి ఆఖరి ప్రయత్నం మిగిలింది. ఎత్తితే గెలుపు, లేకపోతే రాజధాని క్లబ్బు అమ్మాయిది పతకం. ఆ అమ్మాయి ముందు ఎత్తాలి. ఆమె కోచ్ కొమ్ములు తిరిగినవాడు. సరిగ్గా పేరు పిలిచే సమయానికి బరువు పెంచమన్నాడు. ప్లేట్లు మార్చారు. మళ్లీ పెంచమన్నాడు. మళ్లీ మార్చారు. అది నిబంధనలు ఒప్పుకునే ఎత్తుగడే. ఇవతల ఎదురుచూసేవాళ్ల ఒళ్లు చల్లబడిపోతుంది.

"బాబాయ్, తొడ బిగుసుకుంటోంది." కాలినా తొడ వెనక తడుముకుంది. "పాత చోటే లాగుతోంది."

గెంచో బాబాయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చర్రున నడికట్టు లాగి, ఆ వెచ్చటి ఉన్నిని ఆమె తొడకి చుట్టలు చుట్టలుగా చుట్టాడు. "కదులు! వంగు, లే! చిన్న బార్ తీసుకో! వాణ్ని ఎన్నిసార్లు మార్చుకుంటాడో మార్చుకోనీ!"

అప్పుడే ఆయన ప్యాంటు జారింది. ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆమె వెనక్కీ ముందుకీ కదలడం అజమాయిషీ చేశాడు. వార్మప్ గదిలో ఉన్న పెద్ద పెద్ద పహిల్వాన్లు నోళ్లు తెరిచారు. రాజధాని అమ్మాయి ఎత్తబోయింది, బార్ మోకాళ్ల దగ్గరే జారిపోయింది. కాలినా పేరు పిలిచారు. నడికట్టు విప్పి ఆయనకిచ్చేసి వెళ్లింది.

బార్ భుజాల మీదికొచ్చింది. ఊపిరి పీల్చుకుంది. తొడ నిలబడింది. ఒక్క ఊపున బార్ తల మీదికి లేచింది. ఎత్తడం చెల్లిందని ముగ్గురు జడ్జీల తెల్ల దీపాలూ వెలిగాయి. హాలంతా చప్పట్లు కొడుతుంటే గెంచో బాబాయ్ ఒంటిచేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. రెండో చెయ్యి ఖాళీ లేదు మరి.

తిరిగొచ్చాక బస్సు పాల డిపో ముందే ఆగింది. ఊరు ఊరంతా పూలతో నిలబడింది. నెత్తిన గొర్రెబొచ్చు టోపీ లేదు కనుక కాలినా నిదానంగా తలెత్తి చూసింది. గూట్లోంచి బూడిదరంగు బుల్లి తలలు రెండు తొంగి చూశాయి.

"అదేంటి పిన్నీ, అప్పుడే పిల్లలా? మొన్ననే కదా వచ్చాయి! గూడెప్పుడు సర్దుకున్నాయి, గుడ్లెప్పుడు పొదిగాయి?"

డోంకా పిన్ని చెప్పుల వంక చూసుకుంది. పోస్ట్‌మాన్ ఆకాశం వంక చూశాడు. ఫాదర్ దగ్గాడు.

"ఎప్పుడొచ్చాయి?" కాలినా గద్దించింది.

"ఎప్పట్లాగే, మార్చి మధ్యలోనే" అంది డోంకా పిన్ని. "ఈయనే ఇంటింటికీ తిరిగి చేతులు పట్టుకుని బతిమాలాడమ్మా. కొంగని చూస్తే ఆగదు, కాలు పోగొట్టుకుంటుంది, మూడు వారాలు దాచిపెట్టండి అని. కొంగని దాచడమంటే మాటలా? నా జున్ను రొట్టెలన్నీ నీకే ధారపోశాను!"

కాలినా గిర్రున తిరిగింది. గెంచో బాబాయ్ నడికట్టు బిగించుకుంటూ మెల్లగా జారుకుంటున్నాడు.

"బాబాయ్! నన్ను మోసం చేశావా?"

"నేనా? అవేవో తొందరగా పెట్టుంటాయి పిల్లల్ని. బాగా వేడెక్కి వచ్చుంటాయి."

కాలినాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పరుగున వెళ్లి ఆయన నడుం చుట్టూ చేతులేసి, అమాంతం పైకి ఎత్తబోయింది.

"ఆగవే! ఆగు!" గెంచో బాబాయ్ గావుకేక పెట్టాడు. "ఒళ్లు వేడెక్కిందా?"

కాలినా ఆగింది. ఆయన్ని వదిలింది. ఊరంతా చూస్తుండగా నడిరోడ్డు మీద బుద్ధిగా భుజాలు తిప్పింది, వంగింది, లేచింది. డోంకా పిన్ని చేతిలో గుమ్మడికాయ కేకు ఉంటే పళ్లెంతో సహా తీసుకుని పదిసార్లు ఎత్తి దించింది. ఆ తర్వాతే, గెంచో బాబాయ్‌ని తల మీదికి ఎత్తింది.