తుడిచే ముందు అడగాల్సిన మాట

బద్వేలులో మాకు ప్రోగ్రామింగ్ నేర్పిన సారు పోయారు. పొద్దున నడకకు వెళ్లొచ్చి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదట. కబురు చెప్పిన స్నేహితుడు ఫోన్‌లోనే ఏడ్చేశాడు. నాకు మాత్రం ఏడుపుకంటే ముందు భయం వేసింది. ఎందుకో చెబుతాను.

సారుది నేత కుటుంబం. ప్రోగ్రాము మెమరీలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మగ్గంతో పోల్చే చెప్పేవారు. కావాల్సిన రంగు నూలు చుట్టిన కండెలు మగ్గం గుంట పక్కనే పెట్టుకుంటాం, చీర అంచు మారగానే పాతవి అటక మీదికి పంపేస్తాం, లేకుంటే కాలు పెట్టే చోటుండదు అనేవారు. కంప్యూటర్లో అలా నకళ్లను చేతికందేలా ఉంచుకునే చోటునే క్యాష్ అంటారు. మాలో ఎవరైనా అక్కరలేనివన్నీ అందులో పోగేసి ప్రోగ్రామును నత్తనడక నడిపిస్తే, "ఏమప్పా, పెండ్లిల్లు చేసి పెట్టినావే! ఎవురన్నా పోయేదుండాదా, అందరూ ఈడనే పండుకుంటారా?" అని నవ్వించేవారు. తుడిచే కోడ్ రాసేటప్పుడు మాత్రం ఆ నవ్వు ఉండేది కాదు. "నీ చేతిలో ఉండేది నకలే. అసలు యాడుండాదో చూపిచ్చు, తర్వాత తుడువు" అనేవారు. చూపించేదాకా ఎంటర్ నొక్కనిచ్చేవారు కాదు.

తన ఇన్‌స్టిట్యూట్ మూసేశాక సారు పాఠాలను ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసేవారు. పిల్లలు వినడానికి నేనొక యాప్ చేసిచ్చాను. గొంతు సవరించుకోవడం, మధ్యలో భార్యను మజ్జిగ అడగడం, అన్నీ ఆ పాఠాల్లో ఉండేవి. "నీకు పంపినా గదా" అని తన ఫోన్‌లోవి ఎప్పటికప్పుడు తీసేసేవారు. నేనేమో వాటిని శాశ్వతంగా ఉండే చోటుకు చేర్చకుండా క్యాష్‌లోనే వదిలేశాను. తీరిక లేదని చెప్పను, బద్ధకం. మొన్న ఎండాకాలంలో సర్వర్ నిండిపోతే, చాన్నాళ్లుగా ఎవరూ తెరవనివన్నీ తుడిచేయమని కోడ్ రాశాను. ఎవరూ తెరవనివి సారు పాఠాలే, అన్నీ పోయాయి. నేనూ తెరవలేదు. సంగతి తెలిసిన రోజే ఫోన్ చేసి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి, మళ్లీ మాట్లాడి పంపేవారు. సిగ్గుపడి చేయలేదు.

దినాలకు వెళ్లాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. జనం పలచబడ్డాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ పాఠాలు నాకియ్యి నాయనా. నాకేం అర్థం కావులే, ఆయన గొంతు ఇనాల. నీకాడ భద్రంగా ఉండాయని చెప్తా ఉండె."

ఊరికే తలూపాను.

అమ్మ సారు ఫోన్ తీసింది. అందులో జాగా లేదట. "ఫోటోలు తీసేస్తే పాఠాలు పడతాయంట గదా" అంటూ వెతికి, ఒంటిమిట్టలో ఇద్దరూ తీసుకున్న ఫోటోల దగ్గర ఆగింది. "ఇవన్నీ చూసినవేలే" అని ఒకటి తీసేసింది. తర్వాత ఇంకొకటి.

"వద్దమ్మా, ఏదీ తీయొద్దు" అన్నాను.

"ఎందుకు నాయనా?" అంది, వేలు సారు మొహం మీద అట్లే ఉంచి.