వాడని క్లిప్పులు

ఇంద్రాణికి అక్కర్లేని వస్తువు కంటికి కనిపించకూడదు. అమ్మానాన్నలు నల్లగొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఒక్క గది కిరాయికి తీసుకున్నప్పటి నుంచి ఉన్న అలవాటది. తల్లి కిష్టమ్మ దాచుకున్న ఖాళీ డబ్బాలను ఆమె లేనప్పుడు చూసి పారేసేది. “నా కూతురు ఏదో ఒకనాడు నన్ను గూడ బయట పెడ్తది,” అని కిష్టమ్మ పక్కింటివాళ్లతో నవ్వుతూ చెప్పేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో చిన్న గ్రాఫిక్స్ స్టూడియో ఉంది. విడివిడిగా తీసిన దృశ్యాలను పొరలుగా పేర్చి ఒకే దృశ్యంగా కలపడం అక్కడ ఇంద్రాణి పని. షూటింగ్ నుంచి వచ్చిన క్లిప్పులను సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుని, పేర్లు పెట్టి, ఫోల్డర్లలో సర్దడంలో ఆమెను మించినవాళ్లు అక్కడ లేరు.

అందరి ఫైళ్లూ ఉండే డిస్క్ నిండిపోయిందని యజమాని గౌతమ్ విసుక్కున్న రోజు, ఇంద్రాణి తన ప్రాజెక్టు తెరిచింది. ఏ షాట్‌లోనూ వాడని క్లిప్పులను సాఫ్ట్‌వేరే వేరు చేసి చూపించింది. ఆమె వాటిని ప్రాజెక్టులోంచి తీసేసి ఊరుకోలేదు. డిస్క్‌లోని అసలు ఫైళ్లనూ చెరిపేసింది. వాడనివంటే తన ప్రాజెక్టులో వాడనివని మాత్రమే అర్థం. అవే ఫైళ్లను పక్క కంప్యూటర్లోంచి ఇంకొకరు వాడుతుండవచ్చన్న సంగతి ఆ ఊపులో ఆమెకు తోచలేదు.

మర్నాడు పక్క కంప్యూటర్లో పనిచేసే భానుమూర్తి తన ప్రాజెక్టు తెరిస్తే తెర నిండా రంగుల చారలు. ఫైలు దొరకడం లేదని గుర్తు. పోయింది మనుషుల్లేని ఖాళీ సెట్ క్లిప్పు. గాల్లో ఎగిరే హీరోకు కట్టిన తాళ్లను చెరపాలంటే వెనకాల ఏముందో ఆ క్లిప్పులోంచే తెచ్చి అతకాలి. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వేసిన ఆ సెట్టును అప్పటికే విప్పేశారు. ఇంకో కాపీ తమ దగ్గర లేదని షూటింగ్‌వాళ్లు ఫోన్లో చెప్పేశారు.

“ఏంటి మూర్తిగారూ, సెట్టు టీ తాగడానికి వెళ్లిందా?” అన్నాడు గౌతమ్.

“నిన్నటిదాకా ఉంది బాబూ.”

“ఇది పెళ్లి వీడియో కాదండీ, పనైపోగానే మెమరీ కార్డు తుడిచేసుకోవడానికి!”

ఎవరో కిసుక్కుమన్నారు. గుంటూరు నుంచి వచ్చి, ఎల్బీ నగర్‌లో ఏళ్ల తరబడి పెళ్లి వీడియోల షాపు నడిపి, అది మూతపడ్డాక ఇక్కడ చేరిన మనిషి భానుమూర్తి. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“నిన్న నేనూ కొన్ని తీసేశాను. చేతి అలవాటు కదా. నేనే తుడిచేసుంటాను.”

ఖాళీ అయింది ముందురోజు తాను చెరిపేసిన ఫోల్డరేనని ఇంద్రాణికి తెరమీద కనిపిస్తూనే ఉంది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

“కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండండి. అవసరమైతే నేనే ఫోన్ చేస్తాను,” అన్నాడు గౌతమ్.

వెళ్తూ వెళ్తూ భానుమూర్తి ఆమె కుర్చీ దగ్గర ఆగాడు. “ఆ తాళ్ల షాట్లు ఇక నీ నెత్తినే పడతాయి అమ్మాయ్. ఏమీ అనుకోకు.”

“గట్లనకు అంకుల్,” అంది ఇంద్రాణి.

ఆయనే ఒప్పుకున్నాడు కదా, నిజంగానే ఆయన చేసి ఉండొచ్చు కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ రాత్రి కంచం పక్కకు జరిపేసింది. “ఏందే, బువ్వ ముట్టలే?” అన్న తల్లికి తలనొప్పని చెప్పింది.

ఆదివారం బడంగ్‌పేట్‌లో భానుమూర్తి ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన ఆయన భార్య హనుమాయమ్మ కుర్చీ చూపిస్తూనే గోడు మొదలుపెట్టింది. “మీ అంకుల్‌కి కొత్త రోగం పట్టుకుందమ్మా. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని పదేపదే లేచి చూస్తున్నాడు. మతిమరుపొచ్చిందట, డాక్టరుకి చూపించుకోవాలట!”

“ఊరుకోవే,” అన్నాడు భానుమూర్తి.

“అంకుల్, గా క్లిప్పు నువ్వు తీయలే,” అంది ఇంద్రాణి తల వంచుకుని. “నేనే తీసిన. ఆ పొద్దే నాకు ఎర్కైంది. భయమై చెప్పలే.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. “అంటే నేను కాదా?” అన్నాడు. మళ్లీ అదే అడిగాడు.

“మనిషిని పిచ్చివాణ్ణి చేశావు కదే తల్లీ!” అంది హనుమాయమ్మ. అయినా లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగడం ఇంద్రాణికి తిట్లు పడటంకన్నా కష్టమైంది.

మర్నాడు ఆమె గౌతమ్‌కు చెప్పింది. అతను అందరి ముందూ కేకలేశాడు. పోయిన సెట్టును ఒక్కో ఫ్రేములో చేత్తో గీసి పూరించే పని ఆమెకే అప్పగించి, భానుమూర్తికి ఫోన్ చేశాడు.

ఆయన తిరిగొచ్చాడు. ఆమెను ఒక్క మాటా అనలేదు. కానీ ఇప్పుడు ఏ క్లిప్పు తీసేయాలన్నా ఆయన చెయ్యి మౌసు మీద ఆగిపోతుంది. “అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి చూడు. ఇది తీసేయొచ్చంటావా?”

“తియ్యొచ్చు అంకుల్. నువ్వు కరెక్టే చూసినవ్.”

“ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూడు.”

ఇంద్రాణి తన పని ఆపి, లేచి వెళ్లి, ఆయన కుర్చీ వెనక నిలబడి, మొదటి నుంచీ మళ్లీ చూస్తుంది.