తలెత్తి చూసిన పిన్ని

మా బాబాయి దర్జీ. ఆయన మాట్లాడడు, మిషనే మాట్లాడుతుంది. పిన్ని పోయిన ఈ ఆరేళ్లలో అదీ తగ్గింది. ఇంట్లో ఆమె ఫోటోలకేం కొదవ లేదు. కదిలే పిన్ని మాత్రం ఒక్క సినిమాలోనే ఉంది.

అదో వింత సినిమా. రాబోయే కాలంలో ఓ నగరం. జనమంతా బూడిదరంగు పొడుగు చొక్కాల్లో తల దించుకునే నడవాలి, ఎత్తితే శిక్ష. దర్శకుడికి అదే మొదటి సినిమా. ఆ రెండు వందల చొక్కాలూ కుట్టింది బాబాయే. షూటింగ్ రోజు గుంపులో ఒకరు తక్కువైతే, టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చిన పిన్నిని లాగి నిలబెట్టారు. బాబాయి హడావుడిగా ఆమె చొక్కా చేతులు మడిచి టాకాలేసి, కెమెరా పక్కన నిలబడ్డాడు. నాలుగడుగులు వేసేసరికి టాకా ఊడింది. పిన్ని తలెత్తి, "ఏమయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అన్నట్టు బాబాయి వంక చూసింది. దర్శకుడు నెత్తీ నోరూ బాదుకున్నాడు. మళ్లీ తీద్దామంటే ఫిల్మ్ అయిపోయింది. అలాగే ఉంచేశారు.

సినిమా పట్టుమని నాలుగు రోజులాడలేదు. పాతికేళ్ల తర్వాత కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పిన్ని చూపు తిరుగుబాటట! బొమ్మ గీసి బనియన్ల మీద అచ్చేయించుకున్నారు. నాకు ఒళ్లు మండేది. ఊడిన చొక్కా చెయ్యి గొడవ తప్ప ఆవిడకి ఏ తిరుగుబాటూ తెలియదు. ఇంతా చేసి, ఫోన్లలో తిరిగే ఆ మసక ముక్కల్లో ఆమె ముఖం కంటికి ఆనేదే కాదు.

మొన్న పేపర్లో వేశారు. ప్రింటు బాగుచేసి మళ్లీ విడుదల చేస్తున్నారట, అప్పటి తప్పులన్నీ దర్శకుడు దిద్దేశాడట. బాబాయికి ముద్ద దిగలేదు.

"ఫోన్ చేసి అడగొచ్చుగా బాబాయ్?" అన్నాను.

"ఏమని అడగనే? నా పెళ్లాన్ని ఉంచావా, తీసేశావా అనా?"

మొదటి ఆటకు నేనే తీసుకెళ్లాను. ఆ వీధి వచ్చింది. వంచిన తలలు, వంచిన తలలు. పిన్ని తలెత్తింది. తెర నిండా, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా. హాలంతా ఈలలు. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

అవతలి సీట్లో అమ్మాయి, "చూశారా తాతయ్యా, మనల్నే చూస్తోంది!" అంది.

"కాదమ్మా. నన్నే చూస్తోంది."

ఆ పిల్ల ఆప్యాయంగా నవ్వింది. "అందరికీ అలాగే అనిపిస్తుంది తాతయ్యా."

నేను నోరు తెరవబోయాను. బాబాయి వద్దన్నట్టు నా చెయ్యి నొక్కాడు. అప్పటికే తెర మీద పిన్ని లేదు.