గంట పొట్టేలు పందెం

మొన్న శని, ఆదివారాలు మా అల్లుడు మమ్మల్నందరినీ గోవా తీసుకెళ్లాడు. నీళ్ల మీద నిలబెట్టిన ఓడలో జూదం, పక్క హాల్లో పాటలూ డాన్సులూ, తిన్నవాళ్లకు తిన్నంత తిండి. మార్కాపురంలో రైలెక్కింది మొదలు మా అమ్మాయి సంబరం ఇంతా అంతా కాదు. నేను మాత్రం ఒక మెత్తటి కుర్చీలో కూర్చుని, గిర్రున తిరిగే ఆ చక్రాన్నీ, దాని చుట్టూ కేకలేసే జనాన్నీ చూస్తూ ఉండిపోయాను. సంతోషమూ లేదు, కోపమూ లేదు. ఒంట్లో బాగాలేదా అత్తయ్యా అని అల్లుడు రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పను? జూదం చూస్తే మనసు మొద్దుబారిపోవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్నదే.

మాది అర్ధవీడు పక్క చిన్న పల్లె, గొర్రెలే మా బతుకు. నా ఈడు వాళ్లకు ఆ వేసవి తిరునాళ్లు గుర్తుండే ఉంటాయి. రెండు రోజులు పిల్లాజెల్లాతో బండి కట్టుకుని వెళ్లేవాళ్లం. రంగులరాట్నం, చెక్కబావిలో గోడల మీద తిరిగే మోటారు సైకిలు, పొద్దు వాలాక పందిట్లో హార్మోనియం నాటకం. ఆ మోటారు సైకిలాయన చేతులు వదిలి తిరుగుతుంటే నేను కళ్లు మూసుకునేదాన్ని, అయినా మళ్లీ చూస్తానని మారాం చేసేదాన్ని. మా నాయనకు ఇవేవీ పట్టేవి కావు. ఆయన బండి దిగీ దిగగానే చింతతోపు వైపు, ‘లోపలా బయటా’ అనే పేకాట ఆడేచోటికి వెళ్లిపోయేవాడు.

గొర్రెలవాళ్ల జూదానికి ఒక కట్టుబాటు ఉండేది. చేతిలో పైసలు అయిపోయాక జీవాన్ని ఒడ్డవచ్చు, కానీ ఉత్తినే ‘ఒక పొట్టేలు’ అంటే ఒప్పుకోరు, దాని గుర్తు చెప్పాలి. లేకపోతే ఓడినవాడు మర్నాడు మందలోని కుంటిదాన్నో గుడ్డిదాన్నో తోలి చేతులు దులుపుకుంటాడు కదా! ఒక ఏడాది తిరునాళ్లలో ఆదివారం నాడు, ఇంకొక్క ఆట, ఇంకొక్కటి అన్న తొందరలో మా నాయన నోటికి ముందు వచ్చిన గుర్తు చెప్పేశాడు, మెడలో గంట ఉన్నది అని. పేక తిరగబడింది.

ఆ గంట పొట్టేలు మా అమ్మ పెంపకం. పుట్టగానే తల్లి చచ్చిపోతే మేకపాలలో గుడ్డపీలిక ముంచి తాగించి, చలికాలమంతా తన మంచం పక్కనే పడుకోబెట్టుకుని బతికించింది. పెద్దదయ్యాక అదే మందకు ముందు నడిచేది. ఇంటికొచ్చి సంగతి చెప్పినప్పుడు అమ్మ చేతిలో పని ఆపి నాయన వంక చూసింది, అంతే. ఆ చూపు ఆయనకు కంపరం పుట్టించినట్టుంది.

“ఒక్క పొట్టేలే కదే పోయింది, మందంతా పోయినట్టు అట్ల చూస్తావేంది?” అని కసురుకున్నాడు.

మర్నాడు పొద్దున గెలిచినాయన పగ్గం తెచ్చి, పొట్టేలు మెడకు వేసి నడిపించుకుని బయలుదేరాడు. గంట మోగింది. దొడ్డి తడిక అవతల గొర్రెలన్నీ ఒక్కసారిగా తలెత్తాయి. నాయన అడ్డం వెళ్లేలోపే తడికను తోసుకుని, ఒకదాని వెనక ఒకటి మందకు మంద ఆ గంట వెంట వీధిలో పడ్డాయి. నాయన అరిచాడు, కర్ర విసిరాడు, పరుగెత్తి పడ్డాడు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి చూడలేదు. అమ్మ అరవలేదు. కొంగు బిగించి వాటి వెనకే నడిచింది, నేను అమ్మ వెనక. ఊరు దాటాం, వాగు దాటాం. చెల్లాచెదురైతే మా బతుకు అక్కడితో సరి.

చివరికి వాగు అవతలి గట్టున అమ్మ ముందుకు నడిచి ఆయనకు ఎదురు నిలబడింది.

“పొట్టేలు నీదే అన్నా. గంట మాది.”

ఆయన మంద వంక, అమ్మ వంక చూసి, గంట విప్పి ఇచ్చాడు. అమ్మ దాన్ని మోగిస్తూ ఇంటి దారి పట్టింది. గొర్రెలు ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయాయి. పొట్టేలు అరిచింది. ఒక ముసలి గొర్రె అమ్మ వైపు తిరిగింది, ఆ తర్వాత అన్నీ తిరిగాయి. పొట్టేలు కూడా రాబోయింది గానీ పగ్గం లాగేసింది. అమ్మ మొహంలో ఏమీ లేదు. ఏడుపు రావడం లేదా అమ్మా అని అడిగాను.

“ఏడుస్తా కూసుంటే ఇవి ఇల్లు చేరతాయా పాపా, నడువు.”

ఇంకో పొట్టేలు చేతికొచ్చేదాకా ఆ గంట అమ్మ నడుముకే ఉండేది, మందకు ముందు తనే నడిచేది. వాకిట్లో గంట వినబడగానే నాయన తల దించుకునేవాడు. ఇద్దరూ పోయి ఏళ్లయింది. వాళ్లను తలచుకుంటే నాకు కన్నీళ్లు రావు, రావాలని ఉన్నా రావు.

ఇప్పుడు చింతతోపూ లేదు, గుర్తు చెప్పమనేవాళ్లూ లేరు. పందేలన్నీ ఫోన్లలోకి చేరాయి. మగవాడు గోడవైపు తిరిగి పడుకుని వేలితో ఆడుతుంటాడు, పక్కనున్న ఆడదానికి చీమ చిటుక్కుమన్న చప్పుడైనా వినబడదు. తెలిసేసరికి పోవడానికి ఇంకేమీ మిగలదు. మా అమ్మకు పోతున్నదేదో కళ్లెదుట కనబడింది, దాని వెనకాల నడవడానికి ఒక దారి ఉంది.